నేనేం నొక్కలేదురా

సంక్రాంతికి వెళ్లొచ్చిన నాలుగో రోజు. హైదరాబాద్ ఆఫీసులో ఉండగా ఒంగోలు నుంచి నాన్న వీడియో కాల్. ఎత్తగానే, "నేనేం నొక్కలేదురా. కరెంటు పోయొచ్చింది. ఆన్ చేస్తే నల్ల తెర, ఇంగ్లిష్ అక్షరాలు" అన్నాడు. గొంతులో తప్పు చేసిన పిల్లాడి భయం.

ఆ పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ నత్తలా నడుస్తోందని డెబియన్ లినక్స్ వేసిచ్చింది నేనే. అందులో అక్క పెళ్లి చదివింపుల లెక్కుంది. చెదలు పట్టిన నోటుబుక్కు చూసుకుంటూ రెండు నెలలు ఒంటి వేలితో టైప్ చేశాడు. ఎవరెంత చదివించారో చూసి మనం తిరిగి పెట్టాలి కదా! బుధవారం ఒక పెళ్లి. కాపీ ఇంకెక్కడా లేదు.

కెమెరా తెర వైపు తిప్పమన్నా. "యూ ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్". కింద రూట్ పాస్‌వర్డ్ అడుగుతోంది. సగం ఊపిరొచ్చింది. బూట్ అవుతుంటే ఏదో దొరక్క, రిపేరు చేసుకోమని ఆగింది, అంతే. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

పాస్‌వర్డ్ నేను మర్చిపోయా. నాన్న పంచాంగం వెనక రాసుకున్నాడు. "కొడుతున్నా పడట్లేదురా, కీబోర్డు కూడా పోయినట్టుంది." అక్కడ చుక్కలు కూడా కనపడవని చెప్పడం నాకు తట్టలేదు. మూడోసారికి లోపలికెళ్లాం.

జర్నల్‌సీటీఎల్ కమాండ్ కొట్టించి, లాగ్‌లో ఫెయిల్డ్ అని ఎక్కడుందో చదవమన్నా. "డిపెండెన్సీ ఫెయిల్డ్ ఫర్... ఎంఎన్‌టీ... బ్యాకప్" అని కూడబలుక్కున్నాడు. నేను కుర్చీ కింద నా బ్యాగు వైపు చూశా.

పండక్కి వెళ్లినప్పుడు బ్యాకప్ కోసమని యూఎస్‌బీ హార్డ్ డిస్క్ తగిలించి, ఎఫ్‌స్టాబ్ ఫైల్లో ఒక లైను రాశా. బూట్ అయ్యేటప్పుడు ఏయే డిస్కులు కావాలో లినక్స్ చూసుకునే పట్టిక అది. కాపీ తీయడం రేపు, రేపు అంటూ వదిలేశా. ఆ డిస్కులో సినిమాలు వేసుకుని హైదరాబాద్ బస్సెక్కేశా. నాన్న ల్యాప్‌టాప్ మూత మూస్తాడే గానీ షట్‌డౌన్ చేయడు. బ్యాటరీ ఎప్పుడో పోయింది. అందుకే కరెంటు పోయాక తొలిసారి మొదట్నుంచి లేచి, 90 సెకన్లు డిస్కు కోసం చూసి చేతులెత్తేసింది. ఆ లైన్లో 'నోఫెయిల్' అన్న ఒక్క మాట పెట్టుంటే డిస్కు లేకపోయినా బూటయ్యేది.

నానో ఎడిటర్‌లో ఫైలు తెరిపించి, ఆ లైను ముందు హ్యాష్ పెట్టమన్నా. "హ్యాషంటే?" "ఇంటూ-సున్నా ఆటకి గీసే గళ్లు నాన్నా, 3 మీదుంటుంది." సేవ్ చేయించి, రీబూట్ కొట్టించా.

తిరిగి లేచేలోపు మళ్లీ అడిగాడు, "నా వల్లేనా?" 'ఏదో ఎర్రర్లే' అని దాటేయొచ్చు. ఆఫీసు రిపోర్టుల్లో ఆ పని చేసినవాణ్ణే.

"నా వల్ల నాన్నా. డిస్కు నా బ్యాగులో ఉంది."

కాసేపు మాట్లాడలేదు. ఈలోగా డెస్క్‌టాప్ వచ్చింది. చదివింపుల ఫైలు తెరిచి, కింది దాకా జరిపి చూసుకున్నాడు.

"పొద్దున్నుంచి తిట్లు తింటున్నానురా. ఫోను మీ అమ్మకిస్తున్నా, ఇప్పుడన్న మాటే ఇంకోసారి చెప్పు."