రొంపిలోకి లాగిన మాట

క్రియకు ఒక చిన్న పదం తోడుకాగానే అర్థం కొత్త దారి పట్టడం ఆంగ్లభాషలో తరచుగా కనిపించే విశేషం. ‘డ్రాగ్ ఇన్‌టూ’ అటువంటి పదబంధం. ‘డ్రాగ్’ అనగా బరువైన దానిని నేలపై ఈడ్వడం; ‘ఇన్‌టూ’ అనగా లోనికి. ఈడ్చే వస్తువు నేలను రాచుకుంటూ కదలికను ఎదిరిస్తుంది. ఆ ఎదిరింపే మనిషి విషయంలో అయిష్టమైంది. కలహంలోకో, వ్యాజ్యంలోకో, యుద్ధంలోకో ఒకరిని వారి ఇష్టానికి విరుద్ధంగా చేర్చినప్పుడు ఈ మాట వాడుతారు. తెలుగువారు ‘రొంపిలోకి లాగారు’ అంటారు. ఈ పలుకుబడి కాలికి అంటే బురదను కూడా చూపుతుంది.

‘రోప్ ఇన్’ దీనికి దగ్గరి చుట్టం. ఇందులో ఈడ్పు కంటె బుజ్జగింపు ఎక్కువ. మొహమాటంతో కాదనలేక సంఘం పనులలో చిక్కినవానికి ఇది చక్కగా సరిపోతుంది. మన దేశపు ఆంగ్ల పత్రికలు ఒక నటుని చిత్రానికి తీసుకున్నారనడానికి కూడా ఈ మాటనే వాడుతుంటాయి. అక్కడ తాడు మిగిలింది గాని అయిష్టం జారిపోయింది.

‘డ్రాగ్ ఇన్‌టూ’ బరువు తెలియడానికి చరిత్రలో ఒక ఘట్టం చాలు. 1939 సెప్టెంబరు 3న బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించింది. భారత నాయకులను సంప్రదించకుండానే ఈ దేశం కూడా యుద్ధంలో ఉన్నదని వైస్రాయి లిన్‌లిత్‌గో అదే రోజున ప్రకటించాడు. నిరసనగా ఆ ఏడాది అక్టోబరు, నవంబరు నెలలలో కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలు చేరి ఉన్న నాటి మద్రాసు రాష్ట్రపు రాజాజీ మంత్రివర్గం వాటిలో ఒకటి. దేశాన్ని యుద్ధంలోకి లాగారనడం ఇక్కడ అక్షరసత్యం.

అయితే అదే యుద్ధంలో సుమారు 25 లక్షలమంది భారతీయులు సైన్యంలో పనిచేశారు. వారిపై నిర్బంధ సైనిక చట్టమేదీ లేదు. జీతం కోసం, కుటుంబ పోషణ కోసం చేరినవారు వారిలో ఎందరో. ఆకలి ముందుకు తోసిన అడుగును ఇష్టమనాలా, ఈడ్పు అనాలా? దేశానికి సూటిగా అమరిన క్రియ మనిషి దగ్గరకు వచ్చేసరికి తడబడుతుంది.

ఈ క్రియను కర్మణి ప్రయోగంలో వాడితే మరొక చిక్కు వస్తుంది. ‘గొడవలోకి లాగబడ్డాను’ అన్న వాక్యంలో లాగినవాడు కనిపించడు. తానై దిగినవాడు కూడా ఆ వాక్యం చాటున దాగవచ్చు. నిజంగా బలైనవాని మొరను ఎవరూ నమ్మకపోవచ్చు. కనుక ఈ మాట వినబడినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: లాగినదెవరు? కాదనే వీలు అతనికి ఉన్నదా? వీటికి సమాధానం దొరికిన పిమ్మటనే తప్పు ఎవరిదో నిర్ణయించాలి.