గజ్జెల ఎమ్మా

అమెరికాలో న్యూ ఆర్లీన్స్ పాతపేటలో ప్రిజర్వేషన్ హాల్ అని ఓ చిన్న కచేరీ గది ఉంది. 1961లో అలన్, సాండ్రా జాఫీ అనే కొత్త దంపతులు నడపడం మొదలుపెట్టారు. అప్పట్లో మందు అమ్మేవారు కాదు, కూర్చోడానికి చెక్క బల్లలే. గుమ్మం దగ్గర బుట్టలో డబ్బులు వసూలు చేసేది సాండ్రా. (గల్లాపెట్టె దగ్గర ఆడది ఉంటేనే లెక్క సరిపోతుంది!) తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు పక్కపక్కన కూర్చోకూడదన్న రోజుల్లో అక్కడ కలిసే పాట విన్నారు.

నా మనసు పట్టుకున్నది మాత్రం అక్కడి పియానో ఆవిడ, స్వీట్ ఎమ్మా బారెట్. 1897లో పుట్టింది. నెత్తిన ఎర్ర టోపీ, కాళ్ళకి చిరుగంటలు. తాళానికి అవీ మోగేవి, అచ్చం మన గజ్జెల్లా. 1967లో పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. అయినా కుడిచేత్తోనే వాయించింది. 1983లో పోయేదాకా సంగీతం వదల్లేదు.

ఇదంతా మా అత్తయ్యకి చెప్పాను. ఆవిడకీ రెండేళ్ళ కిందట ఎడమవైపే. అప్పట్నుంచీ హార్మోనియం మీద గుడ్డ తియ్యలేదు.

"మరి ఎడమచేతి పని ఎవరు చేసేవారమ్మాయ్?"

"చుట్టూ బ్యాండు ఉందిగా అత్తయ్యా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "చిన్నాణ్ణి పిలు. వెనక తిత్తి ఆడిస్తాడేమో చూద్దాం" అన్నారు.