పక్క ఊరి పాటగాళ్ళు

ఫిడేలు అన్న మాటంటే నాకు చిన్నప్పటినుంచీ అభిమానం. వయొలిన్ అంటే కచేరీ మాట. ఫిడేలు అంటే యింటి మాట. మా పుట్టినిల్లు విజయనగరం. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అంతటి విద్వాంసులైనా మా నాన్నగారి నోట ఎప్పుడూ ఫిడేలు నాయుడుగారే. ఇంగ్లండు వెళ్ళాక తెలిసింది, అక్కడా అంతేనట. పెద్ద వాద్యబృందంలో కూర్చుని వాయిస్తే వయొలిన్, పల్లెపాటల వెంట వాయిస్తే అదే ఫిడేలు.

మావారి ఉద్యోగరీత్యా 1996లో లండన్ పడమటి కొసనున్న హౌన్స్లో చేరాం. హౌన్స్లోలో ఉంటున్నామని ఉత్తరం వ్రాస్తే, మా నాన్నగారు "ఒక 'లో' ఎక్కువ పడిందమ్మా" అని దిద్ది పంపించారు. అమ్మాయికి పన్నెండో ఏడు వచ్చేదాకా నేనే ఫిడేలు నేర్పాను. తర్వాత అది మానేసింది, నా వాద్యం అటక ఎక్కింది.

2008 వేసవిలో అమ్మాయి లీడ్స్ విశ్వవిద్యాలయం నుంచి సెలవులకి వచ్చింది. ఆ సెలవులన్నీ యింట్లో ఒకటే పాట. చిటికెడు చిటికెడుగా మోగే యుకులేలీ – నాలుగు తీగల బుల్లి గిటారనుకోండి – మధ్యమధ్య యీల, చప్పట్లు, వీటన్నిటి మీదుగా గెంతుకుంటూ ఒక ఫిడేలు. గమకమనేది మచ్చుకైనా లేదు. అయినా పప్పుకి పోపు పెడుతున్నదాన్ని గరిటె పట్టుకునే నిలబడిపోయాను.

"ఎవరే వీళ్ళు?"

"నోవా అండ్ ది వేల్ అనే కుర్రాళ్ళమ్మా. మన పక్కనే, ట్వికెన్‌హామ్ వాళ్ళు."

హౌన్స్లో నుంచి ట్వికెన్‌హామ్‌కి 281 నంబరు బస్సుంది. ఇంకేం, ఆ క్షణం నుంచీ వాళ్ళు మా పక్క ఊరి పిల్లలైపోయారు.

ఆ పేరు దగ్గర మావారు పేచీ పెట్టారు. మిషను స్కూల్లో చదివిన మనిషి. "నోవహు కట్టింది ఓడ. తిమింగిలం మింగింది యోనాని. ఈ కుర్రాళ్ళకి బైబిలు కూడా సరిగ్గా రాదు!" అన్నారు. తీరా విచారిస్తే ఆ నోవా వేరు. నోవా బామ్‌బాక్ అని అమెరికా సినిమా దర్శకుడు. ఆయన 2005లో తీసిన 'ది స్క్విడ్ అండ్ ది వేల్' అనే చిత్రం వీళ్ళకి ప్రాణమట. దర్శకుడి పేరులో ఒక ముక్క, సినిమా పేరులో ఒక ముక్క తెచ్చి అతికించారు.

పాటలు కట్టి పాడేది చార్లీ ఫింక్. డ్రమ్ములు అతని సోదరుడు డగ్. ఫిడేలు టామ్ హాబ్డెన్. ఆ పాటలో వెనకనుంచి గొంతు కలిపిన పిల్ల లారా మార్లింగ్, అప్పటికి పద్దెనిమిదేళ్ళు. ఆ ఫిబ్రవరిలోనే ఆమె సొంత రికార్డు కూడా వచ్చింది, దాని నిర్మాణం చూసుకున్నది యీ చార్లీయే. మేం విన్న పాట, 'ఫైవ్ యియర్స్ టైమ్', ఆ ఆగస్టులో బ్రిటన్ పట్టికలో 7వ స్థానానికెక్కింది. అయిదేళ్ళ తర్వాత మనం ఎలా ఉంటామో అని యిద్దరు పిల్లలు ఎండలో నడుస్తూ ఊహించుకునే పాట. మా అమ్మాయి మాటల్లో ఆ వేసవి ఒక కుర్రవాడి పేరు తరచుగా దొర్లేది. నేను విననట్టే ఊరుకున్నాను.

2009 ఆగస్టులో వాళ్ళ రెండో రికార్డు వచ్చింది. మా యింటికి మాత్రం డిసెంబరులో, క్రిస్మస్ సెలవులతో వచ్చింది.

అమ్మాయి చిక్కిపోయింది. పరీక్షల అలసట అని మావారి తీర్మానం. గది తలుపు దగ్గరగా వేసి ఉండేది, లోపలినుంచి ఆ కొత్త రికార్డు. యీలలు లేవు, చప్పట్లు లేవు. గుండె కొట్టుకున్నట్టు మందకొడిగా డ్రమ్ము, దాని మీద నిలువుగా సాగే కమాను. ఆరిన బట్టలు మడతపెట్టే నెపంతో మేడమెట్ల మీద కూర్చుని మూడురోజులు విన్నాను. ఆ పాత పేరు ఒక్కసారీ దాని నోట రాలేదు. మూడోనాడు రాత్రి పాలగ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళాను.

"పోయినేడు వెనకాల ఒక అమ్మాయి పాడేది గదే. ఈసారి వినబడదేం?"

"లేదమ్మా. వెళ్ళిపోయింది."

"పాడటం మానేసిందా?"

"పాడుతోంది, వేరుగా. వాళ్ళిద్దరూ విడిపోయారు. ఈ రికార్డంతా అదే."

తర్వాత గంటసేపు చెప్పింది. ఒక మనిషి ఫోనులో గొంతు ఎలా మారుతుందో, పక్కనే కూర్చుని ఎంత దూరం వెళ్ళగలడో. అంత కథ ఆ ముఠాకి లేదు. అందులో సగం ఎవరిదో నాకు తెలుస్తూనే ఉంది. ఏమనాలో తోచక అడిగాను:

"మరి ఆ చార్లీ యిప్పుడు అన్నం సరిగ్గా తింటున్నాడా?"

అది పకాలున నవ్వింది. నవ్వుతూనే నా ఒళ్ళో తలపెట్టి, పాలు చల్లారిపోయేదాకా ఏడ్చింది. నేను ఆ కుర్రవాడి పేరెత్తలేదు, అదీ ఎత్తలేదు.

'ది ఫస్ట్ డేస్ ఆఫ్ స్ప్రింగ్' అనే ఆ రికార్డులో 11 అంశాలు. మొదటి నాలుగూ పుండు మీద చెయ్యి తియ్యని పాటలు. నడుమ మాటలు లేని వాద్యఖండికలు రెండు, ఆ రెంటి మధ్యా హఠాత్తుగా బృందగానం. నన్నడిగితే అక్కడ హడావిడి కాస్త ఎక్కువైంది. చార్లీ గొంతు పెద్ద గొంతు కాదు, పాడినట్టుండదు, చెప్పినట్టుంటుంది. ఏడ్చే పనంతా ఫిడేలుకి అప్పగించాడు. మనకి శోకానికి శుభపంతువరాళి ఉంది. ఆ కుర్రాడికి రాగం లేదు, తాపత్రయం ఉంది.

మర్నాడు అటకమీంచి ఫిడేలు దింపాను. మన తీగలు స-ప-స-ప శ్రుతిలో ఉంటాయి. వాళ్ళకి ప్రతి తీగకీ పక్కదానికీ షడ్జ-పంచమాల ఎడం ఉండాలి. అలా సవరించి, ఆ మాటల్లేని ఖండికల్లో ఒకటి పట్టుకోబోయాను. చేతి అలవాటున ప్రతి స్వరం ఊగుతుంటే, "ఊపకమ్మా, నిలబెట్టు" అంటూ మా అమ్మాయి కమాను లాక్కుంది. ఎనిమిదేళ్ళ తర్వాత అది ఫిడేలు పట్టడం అదే.

2010 మార్చిలో లారా మార్లింగ్ రెండో రికార్డు వచ్చింది. ఇరుపక్షాల వారినీ వినాలి గదా అని అదీ కొన్నాను. ఆ పిల్ల పాటలు చార్లీవాటికన్నా లోతు. తప్పెవరిదో మాత్రం నాకు తేలలేదు.

2011లో నోవా వాళ్ళ మూడో రికార్డులో పల్లెవాసన పోయి విద్యుత్ వాద్యాలు వచ్చిపడ్డాయి. అప్పటికి డ్రమ్ముల డగ్ వైద్యవృత్తి కోసం ముఠా వదిలేశాడు. ఈ ఒక్క వార్తా మావారికి నచ్చింది. "డాక్టరైతే ఫరవాలేదు" అన్నారు, తానే ఫీజు కట్టినట్టు.

2015 ఏప్రిల్‌లో అమ్మాయి ఫోను చేసింది. అప్పటికి దానికి పెళ్ళయి రెండేళ్ళు. "అమ్మా, మనవాళ్ళు విడిపోయారు" అంది. క్షణంపాటు మా చుట్టాల్లో ఎవరా అని కంగారుపడ్డాను.

"నోవా వాళ్ళమ్మా."

"అయ్యో! మరి ఆ ఫిడేలబ్బాయి సంగతేమిటే?"

"అది నన్నడిగితే ఎలాగమ్మా?" అని నవ్వింది. తర్వాత కొన్నాళ్ళకి తనే కనుక్కుని చెప్పింది. మమ్‌ఫర్డ్ అండ్ సన్స్ అనే పెద్ద ముఠాతో కలిసి వేదికల మీద వాయిస్తున్నాడట.