తోమని రూపాయి

నార్కట్‌పల్లిలో మాది వెండి బంగారాల కొట్టు. మా నాయన ఔసల పని చేసేవాడు, నాకూ అదే వచ్చింది. నగలతో పాటు చుట్టుపక్కల ఊళ్ల నుంచి పాత వెండి రూపాయలు వస్తుంటాయి. కొన్ని పాత మిద్దె కూల్చినప్పుడు గోడ సందులో దొరికినవి, కొన్ని ముసలివాళ్ల సందూకులో గుడ్డమూట విప్పితే బయటపడ్డవి. దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చేవి మెడలో పేరుగా వేసుకున్నవి. అందరూ ముందు అడిగేది ఒకటే, "ఎంతైతది?" అని. ఆ మాటకు నా దగ్గర రెండు లెక్కలుంటాయి. వెండి లెక్క కాటా చెబుతుంది. నాణెం లెక్క కన్ను చెప్పాలి.

వెండి లెక్క తొందరగానే తేలుతుంది. మా వైపు వచ్చేవి ఎక్కువగా రెండు రకాలు. ఇంగ్లీషువాళ్ల కల్దార్ రూపాయి సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు, నూటికి 91.7 పాళ్లు వెండి. నిజాం సర్కారు హాలీ రూపాయి 11.178 గ్రాములు, వెండి 81.8 పాళ్లు. ఒకదానిలో అసలు వెండి దాదాపు 10.7 గ్రాములైతే రెండోదానిలో 9.1. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు అని మా తాతల కాలంలో మార్చుకునేవాళ్లు. కాటా మీద పెట్టి చూస్తే ఆ మారకం వెండికి వెండి సరిపోతుంది. హాలీ సిక్కా చెలామణి 1959లో పూర్తిగా రద్దయింది కానీ మూటల్లో మాత్రం నిలిచిపోయింది. 1940 నుంచి వచ్చిన కల్దార్లలో వెండి సగమే, అందుకే ముందు సంవత్సరం చూడాలి.

అసలు పని ఆ తర్వాతే. నాణేన్ని అంచుల దగ్గరే పట్టుకుంటాను, ముఖం మీద వేలు పెట్టను. చార్మినార్ బొమ్మ హాలీ రూపాయి అయితే, 1903 ప్రాంతం నుంచి సైఫాబాదు టంకశాలలో యంత్రం మీద అచ్చయినది, నా కన్ను ముందు మీనార్ల కొసలకు పోతుంది. తర్వాత నడిమి కమాను కింద ద్వారానికి. ఆ ద్వారంలో చిన్న అక్షరం ఒకటి ఉంటుంది. నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు నాణెమైతే మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్‌దైతే ఐన్. ఉస్మాన్ గద్దెనెక్కిన కొత్తలో వేసిన వాటిలో ఐన్ సగమే కనిపిస్తుంది, తర్వాత వాటిలో పూర్తిగా ఉంటుంది. కాబట్టి అక్షరం సగమే కనిపిస్తే అది అరిగిపోయిందా, అచ్చులోనే అంతేనా అన్నది తేల్చుకోవాలి. పక్క గీతలు పదునుగా ఉండి అక్షరం ఒక్కటే సగముంటే అది అచ్చు. చుట్టూ అంతా మొద్దుబారి ఉంటే అరుగుదల.

సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. 1330 అంటే మనకు 1912. సున్నా ఒక చుక్కే కాబట్టి అది అరిగితే 1330 కాస్తా 133 అవుతుంది. నాణెం మీది 92 అంకె చూసి చాలామంది అదే సంవత్సరం అనుకుంటారు. ముహమ్మద్ అన్న పేరులోని అక్షరాల విలువ కలిపితే వచ్చే సంఖ్య అది.

ఐదో జార్జి రూపాయిలో నేను చూసేది రాజు ముఖం కాదు, ఆయన అంగీ మీది ఏనుగు. 1911లో వచ్చిన తొలి రూపాయల్లో ఆ ఏనుగు పందిలా ఉందని గొడవ లేచింది. చాలామటుకు వెనక్కి తీసుకొని కరిగించారు, 1912 నుంచి తొండం, కాళ్లు సరిదిద్దిన అచ్చు వేశారు. ఏనుగు తొండం, కాళ్లు విడివిడిగా కనిపిస్తే మంచి నాణెం. బొడిపెలా మిగిలితే ఎక్కువ చేతులు మారిందన్నమాట. నాణేలు పోగుచేసేవాళ్లు ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ అంటారు. అమెరికాలో విలియం షెల్డన్ 1949లో ఒకటి నుంచి డెబ్బై దాకా అంకెలు పెట్టాడు, ఇప్పుడు ఆ అంకెలే ప్రపంచమంతా నడుస్తున్నాయి. నేను మాత్రం వచ్చినవాళ్లకు అరుగుదల వేలుపెట్టి చూపించినట్టే చెబుతాను, లేకపోతే నమ్మకం కుదరదు.

నన్ను బాధపెట్టేది అరిగిన నాణెం కాదు. తోమిన నాణెం.

ఈమధ్య ఒక అవ్వ కొంగు ముడి విప్పి నాలుగు రూపాయలు బల్ల మీద పెట్టింది. తెల్లగా మెరిసిపోతున్నాయి. "రాత్రంత చింతపండుల నానవెట్టి పొద్దుగాల పీచుతోని తోమిన బిడ్డా. సూడు ఎట్ల మెరుస్తున్నయో" అంది. భూతద్దం కింద సన్నటి గీతలు వందలకొద్దీ, అన్నీ ఒకే వైపు. "ఇంట్ల ఇంక ఉన్నయా అవ్వా?" అంటే ఉన్నాయంది. "అవి తోమకు. నల్లగున్నా సరే, అట్లనే తే" అన్నాను. ఆమెకు నా మాట వింతగా తోచింది. ఇల్లు శుభ్రంగా ఉంచుకొనే మనిషికి మకిలి అలాగే ఉంచమంటే వింత కాదా మరి.

కారణం ఇది. అచ్చు దెబ్బ పడ్డప్పుడు వెండి నడుమ నుంచి అంచుకు పారుతుంది. ఆ పారుడుకు కంటికి ఆనని గీతలు పడతాయి. దీపం కింద నాణేన్ని మెల్లగా వాల్చి తిప్పితే వెలుగు పట్టీలై దాని చుట్టూ బొంగరంలా తిరిగేది ఆ గీతల వల్లే. పీచు ఒక్కసారి గట్టిగా రుద్దినా అవి పోతాయి. తర్వాత ఎంత మెరిసినా ఆ వెలుగు కదలదు, అద్దంలా ఒకేచోట ఉంటుంది. గాలిలోని గంధకంతో వెండి మీద పట్టే నలుపు వల్ల నాణేనికి పెద్దగా నష్టం లేదు, సమంగా పట్టిందైతే కొనేవాళ్లు దాన్నే కోరుకుంటారు. చేతులు మారి అరిగిన రూపాయికి దాని మెట్టు దానికుంటుంది. తోమిన రూపాయి బొమ్మ ఎంత నిండుగా ఉన్నా ఏ మెట్టు మీదా నిలబడదు. నా మటుకు నేను అరిగినదానికే ఎక్కువ ఇస్తాను.

తండాల నుంచి వచ్చే మెడ పేరులోని రూపాయలకు పై అంచున కొక్కెం అతికి ఉంటుంది. దాన్ని ఊడదీసి రాస్తే ఆ చోట అంచు గీతలు చప్పగా అవుతాయి, టాకా మరక మిగులుతుంది. అందుకే అంచు చుట్టూ గోరుతో ఒకసారి తడుముతాను. ఆ పేరు పూర్తిగా ఉంటే విడదీయొద్దనే చెబుతాను. తల్లి నుంచి బిడ్డకు వచ్చిన నగగా దానికుండే విలువ విడి నాణేలకు రాదు.

భూమిలో దొరికిన కుండతో వచ్చేవాళ్లు అరుదు. నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలన్నది చట్టం. ఈ నేలలో కుండల్లో ఏముంటుందో ఊహించలేం. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో తవ్వితే ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి, ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని గుర్తు, ఇక్ష్వాకుల కాలానివి. ఏ పొరలో, ఏ పాత్రలో దొరికాయో తెలిసింది కాబట్టే వాటి కాలం గురించి అంత మాట్లాడగలుగుతున్నారు. అలాంటి కుండ నా బల్ల మీదికొస్తే కాటా తీయను, ఒక్క నాణెం కూడా కడగనివ్వను. మట్టితో సహా మూట కట్టించి తహసీల్దారు ఆఫీసుకు పంపుతాను.