కోసిగి నుంచి క్రూగరుకు

విహారయాత్ర అన్న మాటకు మా కోసిగిలో అట్టే వాడుక లేదు. ఊరు కదలడానికి మావాళ్ళకు మూడే కారణాలు: తీర్థం, శుభాశుభాలు, సుగ్గి. తీర్థానికైతే మంత్రాలయం పక్కనే ఉంది. శ్రావణమాసం వస్తే ఉరుకుంద ఈరన్నస్వామి ఉన్నాడు. ఉగాదికి శ్రీశైలం నడిచిపోయే భక్తులూ మా దారుల్లో కనిపిస్తారు. సుగ్గి సంగతి తరువాత మనవి చేస్తాను. అంతేగాని చేతి డబ్బు పోసుకుని, ఇంటిల్లిపాదీ సముద్రాలు దాటి, ఊరికే సింహాలను చూసి రావడమంటే మా వీధిలో నమ్మేవారు లేరు. అలాంటిది మా ఇంట్లో ఆరు నెలలుగా అదే ముచ్చట.

దీనికంతటికీ మూలపురుషుడు మా బామ్మర్ది. జొహానెస్‌బర్గులో కంప్యూటరు ఉద్యోగం వెలగబెడుతున్నాడు. "బావా, ఇల్లుంది, కారుంది. విమానం టిక్కెట్లొక్కటే మీ ఖర్చు. పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోకముందే రండి" అని ఫోను చేశాడు. ఆ రెక్కల మాట దగ్గరే మా ఆవిడ మనసు కరిగిపోయింది. అమ్మాయి ఇంటరు రెండో సంవత్సరం. వచ్చే ఏడు ఏ ఊళ్ళో ఏ హాస్టల్లో ఉంటుందో! అబ్బాయి తొమ్మిదో తరగతి. వాడి వంతూ ఎంతో దూరంలో లేదు. అందరం ఒకే కారులో కూచుని ఒకే జంతువును వేలు పెట్టి చూపించుకునే సెలవులు ఇంకెన్ని మిగిలాయో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అమ్మను కలుపుకుంటే ఐదుగురం. అమ్మకు 74 ఏళ్ళు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. రోజూ ఆదోనికి రైలెక్కి పోయి వస్తుంటాను. నాకు తెలిసిన ఏనుగల్లా గజేంద్రమోక్షంలోని ఏనుగే, తెలిసిన మొసలీ అక్కడిదే. అంచేత ఈ ఆఫ్రికా విద్య మొదటినుంచీ నేర్చుకోవలసి వచ్చింది. నేర్చుకున్నకొద్దీ, దాచుకోవడమెందుకు, నాకూ నోరూరింది.

క్రూగరు జాతీయవనం అన్నది ఒక తోటో పార్కో అనుకునేరు. దాదాపు 19,500 చదరపు కిలోమీటర్లు. 2022లో విడగొట్టకముందు మా కర్నూలు జిల్లా మొత్తం 17,658 చదరపు కిలోమీటర్లే. అంటే ఆదోని, ఎమ్మిగనూరు, నంద్యాల, శ్రీశైలం, అన్నీ ఎత్తి అందులో పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. 1898లో సాబీ అభయారణ్యంగా మొదలై, 1926లో జాతీయవనమయింది. 1927లో చూడవచ్చినవి మూడంటే మూడు కార్లు! ఇప్పుడు ఎవరి కారు వాళ్ళే నడుపుకుంటూ పోవచ్చు. బండి మనలాగే ఎడమపక్క నడపాలి. తారు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు, మట్టిదారిలో 40. రాత్రి బస చేసే విడుదులకు చుట్టూ కంచె ఉంటుంది, గేటు ఉంటుంది. పొద్దు గుంకే వేళకు గేటు మూస్తారు. ఆలోపల చేరని వాడికి జరిమానా. ఇక అన్నిటికన్నా పెద్ద నియమం, విడిది లోపలా, అనుమతించిన చోట్లా తప్ప కారు దిగరాదు.

ఈ నియమం చదివి వినిపించగానే అమ్మ, "మరి దొడ్డికి?" అంది. అందరం నవ్వాం గాని, ఐదుగురితో ప్రయాణం వేసేవాడు మొట్టమొదట ఆలోచించవలసిన ప్రశ్న అదే. దారిలో అక్కడక్కడా దిగి కాఫీ తాగే చోట్లు ఉన్నాయని, మ్యాపులో గుర్తుపెట్టి చూపించాక శాంతించింది.

కాలం కుదుర్చుకోవడం ఇంకొక తంటా. మనకు మాడుకాలం వాళ్ళకు చలికాలానికి ఆరంభం. జంతువులు బాగా కనబడేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా. వాన ఉండదు, గడ్డి ఎండి పలచబడుతుంది, గుంటలు ఎండిపోయి జంతువులన్నీ మిగిలిన నీళ్ళ దగ్గరికే వస్తాయి. మలేరియా భయమూ ఆ ఎండు నెలల్లోనే తక్కువ. మన బడులు చూడబోతే జూన్ రెండో వారానికల్లా తెరుచుకుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో పోతే గడ్డి ఇంకా నిలువెత్తున ఉంటుంది. సింహం పది అడుగుల్లో పడుకుని ఉన్నా గడ్డే చూసి రావాలి. చివరకు వచ్చే ఏటి దసరా సెలవులు తేలాయి. ఎండ ఎక్కుతున్నా వానలు ఇంకా ముదరని అదను. "పండగపూట ఇంటికి తాళమా?" అని అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

కోరికల పట్టీ రాసుకున్నాం. అబ్బాయికి సింహం, చీతా. చీతా మన దేశంలో అంతరించిందని 1952లో ప్రకటించారు. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి 8, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి 12 తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు. "కూనోకు పోదాంలేరా" అంటే, "వాటి అమ్మగారింటికే పోదాం నాన్నా" అంటాడు. అమ్మాయికి జిరాఫీ. మా ఆవిడ విక్టోరియా జలపాతం కావాలంది. అది జాంబియాకూ జింబాబ్వేకూ సరిహద్దున, జాంబేజీ నది మీద ఉంది. వేరే దేశం, వేరే వీసా, వెయ్యి కిలోమీటర్ల పైమాట. పాపం, ఆ కోరికను ఆమే పెన్సిలుతో కొట్టేసింది. పైన గది వేద్దామని కూడబెట్టిన డబ్బులోంచి ఈ యాత్రకు ఎనిమిది లక్షలు పోతున్నాయి మరి. లెక్క ఆమె చేతిలోనే ఉంది.

నా వంతు రెండు. ఒకటి డర్బన్. 1860లో మద్రాసు రేవులో బయలుదేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న అక్కడ ఆగింది. చెరకుతోటల్లో కూలికి ఒప్పందం రాసుకుని పోయినవాళ్ళు అందులో ఉన్నారు. అలా ఓడ వెనక ఓడగా 1911 దాకా పోయారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మనుమలు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. తెలుగు మేష్టరునై ఉండి, అంతదూరం పోయి, వాళ్ళ నోట ఒక్క తెలుగు మాట వినకుండా వస్తే ఎట్లా?

రెండోది ఒక పిట్ట. కోరీ బస్టర్డ్ అంటారు. ఎగిరే పక్షుల్లో అతి బరువైన వాటిలో ఒకటి. బాగా ఎదిగిన పోతు 18 కిలోల దాకా తూగుతుంది. బోట్స్వానా దేశానికి అది జాతీయ పక్షి. క్రూగరులో గడ్డినేలల మీద దర్జాగా నడుస్తూ కనిపిస్తుంది. ఆ బొమ్మ చూపించగానే అమ్మాయి, "నాన్నా, ఇది మన బట్టమేకపిట్ట కదూ!" అంది.

నిజమే, రెండూ దాయాదులే. మన బట్టమేకపిట్టలో బట్టా లేదు, మేకా లేదు. మీటరు ఎత్తున మెడ నిక్కించి నిలబడే పెద్ద నేలపక్షి. ఒకప్పుడు మన దేశానికి దీన్నే జాతీయ పక్షి చేయాలని సాలిం అలీ వాదించాడు. 1963లో ఆ గౌరవం నెమలికి పోయింది. దీనికోసమే 1988లో నందికొట్కూరుకు దగ్గర రోళ్ళపాడు అభయారణ్యం పెట్టారు. దాని విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త పైన. ఇందాక చెప్పిన క్రూగరు లెక్క పక్కన పెట్టి చూడండి. ఇది ఏడాదికి ఒక్క గుడ్డు, అదీ వట్టి నేలమీద పెడుతుంది. మనమేమో పచ్చిక నేల కనబడితే బీడు అంటాం. బీడు అనగానే దున్నవచ్చు, కాలువ తవ్వవచ్చు, కరెంటు తీగలు లాగవచ్చు. తల తిప్పకుండా ఎదురుగా ఉన్నది సరిగా చూడలేని ఆ బరువు పక్షి తీగలకు కొట్టుకుని చస్తుంది. దేశం మొత్తం మీద ఇప్పుడు 150 కూడా లేవు, ఉన్నవీ చాలావరకు రాజస్థాన్‌లోనే. రోళ్ళపాడులో ఏళ్ళ తరబడి కనబడడం లేదు. మా ఆదోని సరిహద్దు దాటితే సిరుగుప్ప వైపు నల్లరేగడి చేలల్లో ఏవో కొన్ని మిగిలాయని కన్నడ మిత్రులు చెబుతారు.

"అంటే మన ఊరి పిట్ట లేదని, దాని పెద్దనాన్న కొడుకును చూడటానికి ఎనిమిది లక్షలా?" అని మా ఆవిడ అడిగింది. ఆవిడ ఎగతాళికి అనలేదు. లెక్కకోసం అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఈ కబుర్లన్నీ ఒకరోజు తరగతిలోనూ దొర్లాయి. పాఠం అయిపోయి ఇంకా పది నిమిషాలుండగా పిల్లలు ఆఫ్రికా సంగతి అడిగారు, చెప్పాను. వెనక బెంచీలో మా కోసిగి పక్క పల్లె కుర్రాడు ఒకడు లేచి, "సార్, అడవి సూసేకి అంత దూరం పోవల్లనా? మేము ఏటా అడివిలోనే పోతాం కదా" అన్నాడు.

ఇప్పుడు సుగ్గి సంగతి చెప్పాలి. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం, ఇంటికి ధాన్యం వచ్చే పండుగవేళ. మా కోసిగి, కౌతాళం ప్రాంతంలో ఆ మాట మరొకరి పంట కోయడానికి వలసపోవడమయింది. ఖరీఫు పంట ఏదో ఒకటి అయ్యాక, ఇంటికి తాళం వేసి, లేదా ముసలివాళ్ళను కాపలా పెట్టి, సంసారాలకు సంసారాలు లారీలెక్కుతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయాలి, పత్తి తీయాలి. పిల్లలనైనా ఊళ్ళో నిలపాలని బడుల్లో సీజనల్ హాస్టళ్ళు పెడుతున్నారు. కొందరు నిలుస్తారు, కొందరు అమ్మ కొంగు పట్టుకుని లారీ ఎక్కుతారు. సంక్రాంతి తరువాత నా హాజరు పట్టీ చూస్తే ఎవరి ఇంట్లో ఎన్ని చేతులు తక్కువయ్యాయో తెలుస్తుంది. ఉగాదికి మళ్ళీ నిండుతుంది.

లారీ పోయే దారి ఎమ్మిగనూరు, కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు, దోర్నాల. ఆత్మకూరుకూ దోర్నాలకూ నడుమ అంతా నల్లమల. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం అదే. ఇంటిల్లిపాదీ కలిసి అడవిదారిన చేసే సుదీర్ఘ రోడ్డు ప్రయాణం అని నేను నోటు పుస్తకంలో రాసుకుంటున్నది, మా వీధుల వాళ్ళు ఏటేటా చేస్తూనే ఉన్నారు.

కుర్రాణ్ణి ఆ సాయంత్రం రైల్లో పక్కన కూచోబెట్టుకున్నాను. "ఆత్మకూరు దాటినంక గేటు ఉంటాది సార్. రాత్రి తొమ్మిదికి ఏసేస్తారు. అంతలోపల దాటకపోతే పొద్దున ఆరు దాంకా ఆన్నే. ఆడోళ్ళు, సంటిపిల్లోళ్ళు అందరం కిందికి దిగి రోడ్డు పక్కన పండుకుంటాం" అన్నాడు. క్రూగరులో గేటు మూసేది మనుషులు లోపల భద్రంగా ఉండటానికి. ఇక్కడ గేటు మూసేది రాత్రిపూట జంతువులు బండ్ల కింద పడకుండా. రెండూ మంచి నియమాలే. లారీ ఆలస్యమయిందంటే మాత్రం మావాళ్ళకు పడక రోడ్డు పక్కనే.

"ఏమేమి చూశావు?" అన్నాను. "దుప్పిలు సూసినా సార్. ఒగసారి ఎలుగొడ్డు. పులిని మా యవ్వ సూసిందంట, నేను నిద్రపోతాంటి." రోళ్ళపాడు ఎప్పుడైనా చూశావా అంటే, "అది రోడ్డు మింద లేదు కద సార్. లారీ ఆగదు" అన్నాడు.

ఇంటికి వచ్చి ఇదంతా చెప్పాను. డబ్బున్నవాడు పోయి చూసి వస్తే తప్పేమిటని వాదించవచ్చు. నాలో నేను వాదించుకున్నాను కూడా. ఆఫ్రికా ప్రయాణం మేము మానలేదు. పాస్‌పోర్టు ఫోటోకు అమ్మ కొత్త చీర కట్టుకుని మరీ కూచుంది. కాని దానికి ముందు ఈ సంక్రాంతికే, మా పాత కారులో, లారీలు పోయే ఆ దారినే పోయి రావాలని అమ్మాయి పట్టుబట్టింది. ఇది అందరికీ నచ్చింది. రోళ్ళపాడులో కృష్ణజింకలు దండిగా ఉన్నాయి. చలికాలంలో దూరదేశాల నుంచి గడ్డిడేగలు వచ్చి సాయంత్రం పూట ఆ పచ్చికలోనే నేలమీద రాత్రి బసకు దిగుతాయి. ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో అటవీశాఖ వారి విడిది, జీపులూ ఉన్నాయి. తరువాత శ్రీశైలం; అమ్మకు అదొక్కటి చాలు. ఖర్చు ఎనిమిది లక్షల్లో ఎన్నోవంతో మా ఆవిడే తేల్చి, సంతోషంగా పుస్తకం మూసింది.

కుర్రాడు డిసెంబరు చివర పోతున్నాడు. సెలవు చెప్పడానికి వచ్చి, "రోళ్ళపాడులో ఆ పిట్ట ఉందేమో సూసి రాండి సార్. నేనొచ్చేసరికి ఉగాది అయితాది, అప్పుడు సెప్పండి" అన్నాడు. మా ప్రయాణం జనవరి 12న. అమ్మ జొన్నరొట్టెలకు పిండి లెక్క వేస్తోంది. ఐదుగురికి మూడు రోజులంటే ఇన్ని చాలని నేను చెప్పాను. ఆత్మకూరు గేటు దగ్గర మన ఊరివాళ్ళు ఎవరైనా కనబడతారేమోనని, ఇంకొక 40 ఎక్కువ కాలుస్తానంది.