పుణే వాడాలలో పారశీక వృక్షం

పుణే వెళ్ళిన మనవాళ్ళు పర్వతి గుట్ట ఎక్కి, శనివార్ వాడా చూచి తిరిగి వస్తారు. పాతపేటల సందులలో మిగిలిన వాడాలలోనికి తొంగిచూచేవారు తక్కువ. మండువా లోగిలి ఎరిగినవారికి వాడా కొత్త కాదు. నడుమ ఆకాశానికి తెరచిన చౌకు, చుట్టూ వసారాలు, పైన మేడ. పెద్ద వాడాలలో ముందటి చౌకు వ్యవహారాలకు, వెనుకటిది ఆడవారికి. మనం దేవిడీ అంటే గొప్పవారి భవనమే అనుకొంటాము. ఇక్కడ దేవ్డీ అంటే గుమ్మం ప్రక్కన కావలివాడు కూర్చుండే చోటు.

స్తంభం దగ్గర మాత్రం కాస్త నిలువవలెను. టేకు స్తంభం అడుగున బానవలె ఉబ్బి, పైకి పోను పోను సన్నగిల్లుతుంది. దీనిని సురూ స్తంభమంటారు. మన సర్వి చెట్టును గూడా మరాఠీలో సురూ అనే అంటారు గాని, ఈ స్తంభానికి మాతృక అది కాదు. పారశీక ఉద్యానాలలోని సర్వ్ వృక్షం. అది మొగలాయీ భవనాల మీదుగా దక్కనుకు వచ్చి పీష్వాల వడ్రంగి చేతిలో పడ్డది. అతడు దానిప్రక్కన అరటిపువ్వు చెక్కి వ్రేలాడదీసినాడు!

కమానుల వంపులు షాజహాను కాలపు భవనాలవే. అయితే రాతి కమాను బరువు మోయగలదు. ఈ చెక్క కమాను మోయదు, బరువంతా దూలానిదే. దీనిని వట్టి అనుకరణ అనేవారున్నారు. నాకట్లా తోచదు. ఇల్లు నిలిపే పద్ధతి తనదే ఉంచుకొని, కంటికి నచ్చినదాన్ని అందులో అమర్చుకొన్నాడు ఆ వడ్రంగి. మొగలాయీలతో పోరాడిన పీష్వాలే 1732లో గృహప్రవేశం చేసిన శనివార్ వాడా ఉత్తరద్వారానికి ఢిల్లీ దరవాజా అని పేరు పెట్టుకోలేదా?

ఆ వాడాలోని చెక్కపని 1828 నాటి అగ్నికి ఆహుతి అయింది. 1961 జూలై 12న పాన్‌షెత్ ఆనకట్ట తెగినప్పుడు ఏటి ఒడ్డు పేటలలో మట్టిగోడల వాడాలెన్నో కూలినవి. మిగిలినవాటిని నీరూ నిప్పూ కాదు, వాటాలు తింటున్నవి. పాత అద్దెలు మరమ్మత్తుకు చాలవు. అన్నదమ్ములకు పొత్తు కుదరదు. చివరకు స్థలం అంతస్తుల ఇండ్లకు పోతుంది. స్తంభాలు పాతకలప అడితిలో తేలుతవి.

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో రెండవ బాజీరావు కట్టించిన విశ్రాంబాగ్ వాడా ఇంకా నిలిచి ఉన్నది. వీధికి ఆవలి ప్రక్క నిలబడి మేడ ముఖం వైపు తలయెత్తి చూస్తే సురూ స్తంభాలు వరుసగా కనబడతవి.