ఎర్రమన్ను గోడల ఆఫీసు

గోదావరిఖని నుంచి కమాన్‌పూర్ పోయే దారిలో ఫాల్గుణమాసంలో రెండు రంగులు కళ్లకు కడతాయి. ఒకటి బొగ్గు లారీలు రాల్చిన నలుపు, ఇంకొకటి మోదుగుపూల ఎరుపు. డ్రాయింగ్ మాస్టారుగా బతికినవాణ్ని, ఆ రెంటినీ చూడకుండా ఆ దారి దాటలేను. మొన్న నా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు. "సార్, కమాన్‌పూర్ల ఆఫీసు కట్టిన. ఒకపారి వచ్చి గోడలు చూసి పోవాలె" అన్నాడు. కొత్త ఆఫీసుకు పిలిచినవాళ్లు ఏసీ చూపిస్తారు, అద్దాల క్యాబిన్ చూపిస్తారు. గోడలు చూడమన్నవాణ్ని ఇతన్నే చూశాను. మరునాడే బస్సెక్కాను.

ఇతను మైనింగ్ డిప్లొమా చేసి, దక్షిణాఫ్రికాలో నాలుగేళ్లు సర్వే పని చేసి వచ్చాడు. ఉన్న ఊరు ఎమలహ్లేని. 2006 దాకా దాన్ని విట్‌బ్యాంక్ అనేవాళ్లు. ఇప్పటి పేరుకు అక్కడి భాషలో 'బొగ్గున్న చోటు' అని అర్థం. బొగ్గు బాయిల నడుమ పుట్టి మరో బొగ్గు సీమకు పోయాడన్నమాట. ఇప్పుడు ఓబీ కాంట్రాక్టర్లకు కొలతలు తీసిస్తున్నాడు. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీదున్న మట్టినీ రాయినీ తవ్వి కుప్ప పోస్తారు కదా, అదే ఓబీ. ఎన్ని క్యూబిక్ మీటర్లు తవ్వారో లెక్క తేల్చడం ఇతని పని. ఆరుగురు పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చుని ఆ లెక్క కడతారు.

ఆదివరాహస్వామి గుడికి పోయే దారి దాటి కొంచెం ముందుకు నడిచానో లేదో, ఆఫీసును రోడ్డు మీంచే గుర్తుపట్టాను. నడుమెత్తు దాకా నలుపు, ఆపైన ఎర్రమన్ను. రెండూ కలిసేచోట తెల్లటి త్రికోణాల వరుస. కిటికీల చుట్టూ గళ్లు, గళ్లలో మళ్లీ గళ్లు. త్రికోణాల కొనలు ఒకే ఎత్తులో లేవు. ఒకటి కాస్త పొడుగు, ఒకటి కాస్త పక్కకు ఒరిగింది. అయినా వరుస ఎక్కడా తూలలేదు. బడిలో పిల్లల చేతికి స్కేలిచ్చి గీత తిన్నగా రాలేదని దిద్దించిన ఏళ్లన్నీ ఆ గోడ ముందు గుర్తొచ్చాయి.

గడప దగ్గర అతని తల్లి నిలబడి ఉంది. "దండాలు సారూ. నా గోడకు ఎన్ని మార్కులేస్తరు?" అంది. అప్పుడు తెలిసింది, ఆ చేయి ఎవరిదో. ఆమె, ఆమె తోడికోడలు, పక్కింటివాళ్లిద్దరు కలిసి పంట కోతలయ్యాక నెల రోజులు పట్టి పూశారట.

అంతకుముందు జరిగిన కథ ఇంకొకటి ఉంది. ఆఫ్రికా పద్ధతిలో ఆఫీసు కావాలని ఇతను అడిగితే, ఇంటీరియర్ పనివాళ్లు చారల గుర్రం తోలును అచ్చేసిన వాల్‌పేపరూ, గోడకు తగిలించే ముఖాల బొమ్మలూ పట్టుకొచ్చారట. "జోహాన్నెస్‌బర్గ్ల కూడ శాన చూసిన సార్ అసొంటి ఆఫీసులు. ముఖం తెచ్చి మేకుకు తగిలిస్తె అది ఆఫ్రికా ఎట్లయితది?" అన్నాడు. నేనూ అదే మాటంటాను. ఆ ఖండంలో చాలాచోట్ల ముఖం వేసుకుని ఆడతారు. చావుకు ఆడతారు, పిల్లలు పెద్దలైన వేడుకకు ఆడతారు. మాలిలో డోగన్‌లకు అది పోయిన మనిషిని సాగనంపే తంతులో భాగం. మనిషి తొడిగి కదిలితేనే దానికి ప్రాణం. రిసెప్షన్ బల్ల వెనక గోడ దాని చోటు కాదు.

వాల్‌పేపరు వెనక్కి పోయాక ఇతను తల్లికి ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. అవి బుర్కినా ఫాసోలోని టియెబెలె అనే ఊళ్లో కసేనా జాతివాళ్ల ఇళ్లు. ఆమె ఫొటోను పెద్దది చేసుకుని చూసి, "గిది మన జాజు గోడనే గదరా" అందట. ఈ ఆఫీసు పుట్టింది ఆ మాటలోంచే.

ఆమె అన్నది నిజం. టియెబెలెలో ఇల్లు కట్టేది మగవాళ్లు, గోడ ఆడవాళ్లది. పంటలు ఇంటికొచ్చి వానలు ఇంకా పడని రోజుల్లో పనిలోకి దిగుతారు. ఎరుపుకు ఎర్రరాతి మట్టి, తెలుపుకు సుద్ద, నలుపుకు గ్రాఫైట్ రాయి. పూత మీద నున్నటి గులకరాయితో రుద్ది నిగ్గు తెస్తారు. చివర్లో నెరె అనే చెట్టు కాయల్ని ఉడకబెట్టిన కషాయం చల్లి వానకు నిలిచేలా చేస్తారు. గోడ మీద కొండచిలువ, తాబేలు, చేపల వల, సొరకాయ బుర్ర ముక్కలు కనిపిస్తాయి. అక్కడి రాజావరణను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి తీసుకున్నది 2024 జులైలో, మన ఢిల్లీలో జరిగిన సమావేశంలోనే.

మన దగ్గర? ఎర్రమన్నులో పేడ కలిపి మెత్తగా తొక్కి గోడకు పూయడం, ఆరాక అడుగున జాజు పట్టీ, దాని మీద సున్నం బొట్లు, అరుగు మీద ముగ్గు, గడపకు పసుపు. నా చిన్నప్పుడు పండగ నాలుగు రోజులుందనగా మా అవ్వ చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉండేవి. లప్పం, పెయింటు వచ్చాక గోడ ఆడవాళ్ల చేతిలోంచి జారి కూలికొచ్చే పెయింటర్ చేతికి పోయింది. ముగ్గు ఒక్కటే వాకిట్లో మిగిలింది. కమాన్‌పూర్‌లో ఈ తల్లి ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ గోడ ముట్టుకున్నదట, అదీ ఆఫ్రికా ఫొటో చూసి.

నలుపు ఎక్కడ దొరికిందని అడిగాను. "మనకు బొగ్గుకు కరువా సారూ?" అంది. బొగ్గును రోట్లో దంచి, పాత చీరలో జల్లించి, తుమ్మబంక నీళ్లలో కలిపారు. మొదటి పూత ఆఫీసు పిల్లల చొక్కాలన్నిటికీ అంటిందట. నెరె కాయలు ఇక్కడెక్కడివి? తుమ్మచెక్క ఉడకబెట్టి ఆ కషాయం రెండుసార్లు కొట్టారు. నేను భుజం ఆనించి చూశాను. ఇప్పటికీ కొద్దిగా అంటుతుంది. కానీ ఓపెన్‌కాస్టు పక్కన తెల్ల గోడ ఉంటే ఎలా ఉంటుందో ఈ సీమవాళ్లకు చెప్పనక్కరలేదు. దుమ్ము పడి నెలకే మాసిపోతుంది. ఈ గోడ మీద దుమ్ము పడినా గోడ రంగులోనే కలిసిపోతుంది. ఇంతకంటే ఈ ఊరికి తగిన రంగు ఇంకొకటి నాకు తోచలేదు.

లోపలికి వెళ్లి తలెత్తగానే ఆగిపోయాను. స్లాబు నిండా కుండలు! మూతి, అడుగు కోసేసిన మట్టి కుండల్ని సెంట్రింగ్ మీద వరసగా నిలబెట్టి, వాటి చుట్టూ కాంక్రీటు పోశారు. ప్రతి కుండలోంచీ గుండ్రటి వెలుగు కింద బల్లల మీద పడుతోంది. స్లాబుకు పైన ఇనుప చట్రం మీద రేకుల కప్పు ఎత్తుగా, నాలుగువైపులా బాగా ముందుకొచ్చి ఉంది. వేడి గాలి కుండల్లోంచి పైకి పోయి రేకుల కింద నుంచి బయటపడుతుంది. దోమలు రాకుండా కుండ నోళ్లకు జాలీ బిగించారు.

ఇది ఫ్రాన్సిస్ కెరె పద్ధతి. బుర్కినా ఫాసోలోనే గాండో అనే పల్లెలో పుట్టి, బెర్లిన్‌లో చదువుకుంటూనే తన ఊళ్లో 2001లో బడి కట్టిన వాస్తుశిల్పి ఆయన. మట్టి ఇటుకల గోడలు, వాటికి పైన ఎత్తుగా రేకుల కప్పు. ఆ బడి గచ్చును ఊరి ఆడవాళ్లు వరసగా కూర్చుని దిమ్మిసలతో కొట్టి గట్టిపరిచారు. తర్వాత అక్కడే కట్టిన గ్రంథాలయానికి ఊరివాళ్లు ఇంటి నుంచి తెచ్చిన కుండల్ని కోసి కప్పులో పెట్టారు. 2022లో వాస్తుశిల్పంలో అన్నిటికంటే పెద్ద గౌరవమైన ప్రిట్జ్‌కర్ బహుమతి ఆయనకొచ్చింది. ఆఫ్రికా నుంచి ఆ బహుమతి అందుకున్న మొదటివాడు ఆయనే. నేను వెళ్లింది ఫాల్గుణంలో, చల్లగానే ఉంది. మే నెలలో రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటినప్పుడు ఈ కుండల సత్తువ తేలుతుంది. కంప్యూటర్ల గదికి ఒక ఏసీ పెట్టక తప్పలేదని అతనే చెప్పాడు. నాకైతే ఆ కుండలు కమాన్‌పూర్ కుమ్మరాయన చేసినవని తెలియడమే ఎక్కువ సంతోషం. ఒక్కసారిగా అన్ని కుండలు అమ్ముడుపోవడం ఆయనకు ఎన్నాళ్లయిందో!

తలుపు పిడి ఇత్తడి నెమలి. పట్టుకోగానే వేళ్లకు సన్నటి తీగల వరసలు తగిలాయి. ఎక్కడిదో అడగనవసరం లేకపోయింది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ఉషేగావ్‌లో ఓజాల చేతిపని. మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా పోయి, ఆసిఫాబాద్ దాటి కెరమెరి ఘాట్ ఎక్కితే ఆ సీమ వస్తుంది. గోండులకు దేవతల రూపాలూ, గంటలూ, కడియాలూ తరతరాలుగా వాళ్లే పోత పోస్తున్నారు. మట్టితో లోపలి రూపం చేస్తారు. మైనం, గుగ్గిలం కలిపి దారాలుగా సాగదీసి దాని చుట్టూ చుడతారు. పైన మళ్లీ మట్టి పూసి, ఆరబెట్టి కాలుస్తారు. మైనం కరిగి ఖాళీ అయిన దారిలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితే బొమ్మ బయటికొస్తుంది. అచ్చు పగిలిపోయింది కాబట్టి అలాంటిది ఇంకొకటి పుట్టదు. ఆదిలాబాద్ డోక్రా అనే ఈ పోత పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఘనాలో అసాంటేలు బంగారు పొడి తూచడానికి వాడిన తూనికరాళ్లు కూడా ఇలా మైనం కరిగించి పోసిన ఇత్తడివే. బొటనవేలంత పక్షి, మొసలి, ముడి. ఒక్కో రూపానికి ఒక్కో సామెత అంటిపెట్టుకుని ఉంటుంది. తూచేవాడి చేతిలో బరువూ మాటా రెండూ ఉండేవన్నమాట. ఈ సంగతి చెప్తే ఇతను, "అందుకే సార్, ఘనా నుంచి పిడి తెప్పిస్తమంటె వద్దన్న. పని ఒక్కటే అయినప్పుడు మనోళ్లతోనే చేయించాలె గద" అన్నాడు.

నాకు నచ్చనిదొకటి ఉంది, అతని ముఖం మీదే చెప్పాను. లోపలి గది అద్దం నిండా అడింక్రా గుర్తుల స్టిక్కరు. అడింక్రా అసాంటేల గుడ్డ. సొరకాయ బుర్ర మీద గుర్తు చెక్కి, చెట్టు బెరడు ఉడకబెట్టిన నల్లరంగులో ముంచి, గుడ్డ మీద అద్దుతారు. ఎన్‌టోన్సో ఊళ్లో ఇప్పటికీ ఆ పని జరుగుతుంది. మొదట్లో అది అయినవాళ్లు పోయినప్పుడు కప్పుకునే వస్త్రం. ఇప్పుడు ఘనాలోనే కుర్చీల మీదా గోడల మీదా వాడుతున్నారు కాబట్టి తప్పు పట్టను. కానీ ఇంతమంది చేతులు పడిన ఇంట్లో ఆ స్టిక్కరు ఒక్కటే ఏ చేయీ తగలని వస్తువు. అతను కాసేపు అద్దం వైపు చూసి, "తీసేస్త సార్" అన్నాడు. తీసేయకపోయినా, ఆ గుర్తులు ఎవరివో వచ్చినవాళ్లకు చెప్తే చాలన్నాను.

టీ తాగుతూ నేను ఎప్పటి నుంచో మనసులో దాచుకున్న ఒక సంగతి చెప్పాను. నైజీరియాలో నైగర్ నది సముద్రంలో కలిసేచోట కలబరి జాతివాళ్లుంటారు. మన తీరం నుంచి మద్రాసు పేరు మీద ఓడలెక్కిన గళ్ల రుమాళ్లంటే వాళ్లకు ప్రాణం. వాటిలో చీరాల మగ్గాల మీద నేసినవీ ఉన్నాయి. ఆ బట్టను 'ఇంజిరి' అంటారు. అయితే వచ్చినదాన్ని వచ్చినట్టు కట్టుకోరు. అక్కడి ఆడవాళ్లు బ్లేడుతో కొన్ని పోగుల్ని కోసి, లాగేసి, గళ్లలోంచి కొత్త నమూనాలు తీస్తారు. పెలెతె బితె అని దానికి పేరు. మన నేతగాడు నేసినది, వాళ్ల అమ్మమ్మ పోగులు తీసినది ఒకే గుడ్డలో ఉంటాయి. అప్పుడది పూర్తిగా వాళ్లది. ఈ గోడల్ని చూస్తే నాకు ఆ గుడ్డే గుర్తొచ్చిందని చెప్పాను. అతని తల్లి అంతా విని, "పోగులు తీసుడు నేసుడుకంటె కష్టం" అని లోపలికి పోయింది.

ఇతను ఎమలహ్లేనిలో ఉన్నప్పుడు సెలవు రోజుల్లో ఎండెబెలె జాతివాళ్ల ఊళ్లకు పోయేవాడట. రంగుల గోడలతో ప్రపంచమంతా తెలిసిన ఎస్తర్ మహ్లాంగు పుట్టింది ఆ బొగ్గు సీమ పక్కనే, మిడిల్‌బర్గ్ దగ్గర, 1935లో. పదేళ్ల వయసులో తల్లి దగ్గర, అమ్మమ్మ దగ్గర కోడి ఈకతో గీయడం నేర్చుకుంది. స్కేలు పట్టదు. 1991లో బీఎండబ్ల్యూ కారు మీద గీసినా అదే చేయి, అదే ఈక. ఆ గోడల వెనక ఒక దుఃఖం ఉంది. 1883లో బోయర్లనే తెల్ల వలసదారులతో యుద్ధంలో ఓడి ఎండెబెలెలు భూమి పోగొట్టుకున్నారు. బోయర్ల పొలాల్లో వెట్టికి చెల్లాచెదురయ్యారు. ఊరు పోయాక, తామెవరో చెప్పే పని గోడ మీద పడింది.

ఈ మాట వచ్చినప్పుడు అతను నన్ను వెనక వైపు గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. మిగతా గోడంతా నిండుగా ఉంది. తలుపు పక్కన రెండు మూరల చోటు మాత్రం ఉత్త ఎర్రమన్నే. పని మిగిలిపోయిందేమో అనుకున్నాను. తల్లి వెనకనే వచ్చింది.

"అది మా పెద్దక్కకు ఇడిసిపెట్టిన సారూ. వాళ్ల ఊరు ఓపెన్‌కాస్టుల పోయింది. వాళ్ల గోడ తీరు మాకు రాదు, మా అత్తగారి వైపుది వేరే. ఉగాదికి వస్తనన్నది."

దూరంగా మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగింది. కాళ్ల కింద నేల సన్నగా కదిలి ఊరుకుంది. ఆమె అలుకుగుడ్డ తడిపి, ఆ ఖాళీ చోటు ఎండి పగుళ్లివ్వకుండా మెల్లగా తుడవసాగింది.